అడగని పద్నాలుగో ప్రశ్న

నాకు ముక్కు మీదే కోపం. ఈ మాట నేనంటున్నది కాదు, ముప్ఫై ఎనిమిదేళ్ళుగా మా ఆవిడ పార్వతీదేవి అంటున్నది. ఆఫీసులో కూడా నా వెనకాల అనేవారట. తప్పును తప్పంటే అది కోపమెలా అవుతుందని నేను వాదించేవాణ్ణి. ఇప్పుడు వాదించడం మానేశాను. అత్వెల్లి నర్సమ్మ గురించి రాయాలని కూర్చుంటే, ముందు ఈ సంగతి ఒప్పుకోకుండా కలం కదలడం లేదు.

నా పేరు చలపతిరావు. మాది తెనాలి దగ్గర పల్లెటూరు. గణాంక శాఖలో ముప్ఫై నాలుగేళ్ళు చేసి రిటైరయ్యాను. పశువుల లెక్క, బావుల లెక్క, మగ్గాల లెక్క, ఒకటేమిటి, లెక్కపెట్టమన్న ప్రతిదీ లెక్కపెట్టాను. మా ఉద్యోగంలో ఒకటే ధర్మం. ఎదుటివాడు చెప్పిందే రాయాలి, మనకు తోచింది రాయకూడదు. గొడ్లచావిట్లో నాలుగు గేదెలు కళ్ళెదుట నెమరేస్తున్నా రైతు రెండన్నాడంటే రెండే రాయాలి. ఈ ధర్మం ఒక్కనాడూ తప్పలేదని నాకు మహా గర్వంగా ఉండేది. ఉండేది అంటున్నాను, గమనించండి.

రిటైరయ్యాక బౌరంపేట్‌లో, గేటూ వాచ్‌మనూ ఉన్న కాలనీలో ఇల్లు కొనుక్కున్నాం. నెల తిరిగేసరికి నాకు పిచ్చెక్కింది. మా వీధిలో కుక్కలెన్ని, అందులో పక్క కాలనీ నుంచి వచ్చేవెన్ని అని భోజనాల దగ్గర చెబుతుంటే, "ఏమండీ, ఎక్కడైనా పని చూసుకోండి, ఆ కుక్కల్ని వదిలేయండి" అంది మా ఆవిడ.

ఆ పని ఫణిభూషణ్ రూపంలో వచ్చింది. మా మూడో వీధిలోనే ఉంటాడు, ఒక ప్రైవేటు అధ్యయన కేంద్రంలో ప్రొఫెసరు. నలభై నిండి ఉండవు, మాట మెత్తన. మేడ్చల్, శామీర్‌పేట చుట్టుపక్కల సృజనాత్మక పరిశ్రమల మీద ఒక అధ్యయనం మొదలుపెడుతున్నామని చెప్పాడు. అదేం పరిశ్రమయ్యా, పొగగొట్టం ఉంటుందా అని అడిగాను. పాట, బొమ్మ, నగిషీ, పెళ్ళి వీడియో, మండపం అలంకరణ, ఫ్లెక్సీ డిజైను, ఇలా మనిషి తన ఊహతో చేసి నలుగురికీ అందించే ప్రతిదీ పరిశ్రమేనట. దానివల్ల ఎందరు బతుకుతున్నారు, ఎంత సంపద పుడుతోంది, ఊరికి ఏం జ్ఞాపకం మిగులుతోంది, ఇవన్నీ తేల్చాలట. జ్ఞాపకాన్ని ఏ తక్కెడలో తూస్తావన్నాను. అందుకే మీలాంటి అనుభవజ్ఞులు కావాలన్నాడు. పొగడ్తకు లొంగనివాడెవడు? సర్వే సూపర్‌వైజరుగా చేరిపోయాను.

ఫారంలో ముప్ఫై ఒక్క ప్రశ్నలు. పదమూడో ప్రశ్న, ఈ పనివల్ల మీకు ఏడాదికి ఆదాయం ఎంత వస్తుంది. పద్నాలుగోది, డబ్బు కాకుండా ధాన్యం, బట్టలు లాంటివి ఎవరైనా ఇస్తారా. పదిహేను, పదహారు దాని తాలూకు వివరాలు. శిక్షణ రోజున నేను లేచి, ఆదాయమే లేదన్నవాణ్ణి ధాన్యం ఎంతిస్తారని అడగడమేమిటి, వెర్రి కాకపోతే, అన్నాను. పదమూడుకు జవాబు సున్నా అయితే నేరుగా పదిహేడుకు వెళ్ళిపోదాం, మనిషికి పది నిమిషాలు మిగులుతాయి అన్నాను. ఫణిభూషణ్ కాసేపు పెన్ను నమిలాడు. అనుభవం మీది, మీరెలాగంటే అలాగే అన్నాడు. ఫారం మీద పదమూడు నుంచి పదిహేడుకు బాణం గుర్తు పడింది. ఆ బాణం నేను గీయించిందే.

ఇంకో సంగతి కూడా ఆ రోజే చెప్పాడు. ఈ ఊళ్ళలో వాడకుండా పడున్న సర్కారు గదులు చాలా ఉన్నాయి. వాటిని వేలం వేసి దుకాణాలకు ఇవ్వాలని పైనుంచి ఆలోచన. అయితే ఆ గదుల్లో ఎవరైనా కళనే వృత్తిగా పెట్టుకుని బతుకుతుంటే వాళ్ళను కదిలించరు, వాళ్ళ పేరు మీదే రాసిస్తారు. ఎవరిది వృత్తి, ఎవరిది అభిరుచి అనేది మా జాబితా చూసే తేలుస్తారు. "ఈ మాట మాత్రం ఊళ్ళో పొక్కనివ్వకండి చలపతిరావు గారూ, తెల్లారేసరికి లేని కళాకారులు పుట్టుకొస్తారు" అన్నాడు. సబబే అనిపించింది. నేనైనా అదే చెప్పేవాణ్ణి.

రెండేళ్ళ కిందటి మాట ఇది. జవహర్‌నగర్ చెత్తకుప్పల్లో ముక్కుకు కర్చీఫు కట్టుకుని తిరిగి, చెత్తలో ఏరిన ప్లాస్టిక్‌తో ఏనుగులు చేసే ఒక ముసలాయన్ని రాసుకున్నాం. శామీర్‌పేటలో మండపాలు కట్టేవాళ్ళని, డ్రోను కెమెరావాళ్ళని రాసుకున్నాం. ఆషాఢం ఇంకో పది రోజులుందనగా అత్వెల్లికి నేనే స్వయంగా వెళ్ళాను. ఒక సర్వేయరుకు జ్వరం తగిలి, అతని ఊరు నా నెత్తిన పడింది.

రోడ్డు పక్కన, వెల్డింగ్ షాపుకూ బిర్యానీ హోటలుకూ మధ్య పాత పాలకేంద్రం గది. పాలు పోయడం ఎప్పుడో మానేశారు, గోడ మీద క్యాను బొమ్మ మాత్రం మిగిలింది. ఎత్తైన పైకప్పు. లోపల తొట్టెలలు వేలాడుతున్నాయి. మా కోస్తా వైపు ఇవి ఉండవు గనక నాకప్పటికి కొత్త. బోనాలప్పుడు ఇక్కడివాళ్ళు అమ్మవారికి ఊరేగింపుగా తీసుకెళ్ళి కడతారు. వెదురు బద్దలతో అంతస్తులుగా గూడు కట్టి, చుట్టూ రంగురంగుల కాగితాలు అంటిస్తారు. తొట్టెల అంటే ఉయ్యాలే. పిల్లలు పుట్టాలనో, పుట్టిన పిల్లలు బాగుండాలనో మొక్కుకున్నవాళ్ళు చేయించుకుంటారు. ఆ గదిలో పన్నెండో పదమూడో ఉన్నాయి. కొన్ని నాకన్నా ఎత్తు. ఫ్యాను గాలికి కాగితం కుచ్చులన్నీ ఒకేసారి గలగలమన్నాయి. నాకు నచ్చింది. నచ్చిన మాట పైకి అనలేదు.

నర్సమ్మ నేల మీద కూర్చుని ఒక పెద్ద తొట్టెలకు శిఖరం కడుతోంది. అరవై దగ్గర పడిన మనిషి, సన్నగా, చెవులకు బరువైన గంటీలతో ఉంది. సర్వేకొచ్చానని చెప్పాను. ఆమె తల తిప్పకుండానే అంది.

"కూసో సారు. గీ కట్టు ఇడిస్తే మొత్తం ఊడ్తది."

కూర్చున్నాను. ఎంతసేపనుకున్నారు? గంటా పది నిమిషాలు. ఆమె నోట్లో దారం, రెండు చేతుల్లో నాలుగు బద్దలు. మధ్యలో ఒకసారి కాలి బొటనవేలితో కత్తెర దగ్గరకు లాక్కుంది గానీ నా వంక చూడలేదు. నాకు షుగరుంది, ఒంటిగంట దాటింది, పక్క హోటలు నుంచి బిర్యానీ వాసన కడుపులోకి దిగుతోంది. రాష్ట్ర స్థాయి సర్వేలు నడిపిన వాణ్ణి ఒక పాత పాలకేంద్రం గుమ్మంలో కూర్చోబెట్టిందే అని ఒళ్ళు మండిపోయింది. ఆ కట్టు వదిలితే మూడు రోజుల పని పోతుందని తర్వాత తెలిసింది. అప్పుడు మాత్రం పొగరనుకున్నాను.

కట్టు పూర్తయ్యాక చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది. గబగబా అడుక్కుంటూ పోయాను. పదమూడో ప్రశ్న దగ్గర ఆగింది. నా మెడలో వేలాడే గుర్తింపు కార్డు వైపు చూసింది, ఫారం వైపు చూసింది.

"గిదేమన్న పించిని బంద్ జేసేటందుకా సారు?"

కాదన్నాను. నా గొంతులో విసుగు ఉండే ఉంటుంది.

"నాకేం ఆమ్దానీ లేదు సారు. పైస రాదు. ఏదో పోచమ్మ తల్లి పని, జేస్త."

ఈ జవాబు నాకు కొత్త కాదు. ముప్ఫై నాలుగేళ్ళలో వెయ్యిసార్లు విన్నాను. కాగితం పట్టుకుని ఎవరొచ్చినా రేషన్ కార్డు తీసేయడానికో, పింఛను కోయడానికో వచ్చారనుకుని ఉన్నది లేదనడం ఇక్కడి పేదవాళ్ళకు అలవాటు. అలవాటేమిటి, అనుభవం. ఆమె మొగుడు యాదగిరి పోయాక వస్తున్న పింఛను అది, దాని కోసం అబద్ధమాడింది. అబద్ధమని నాకు తెలుసు. గుమ్మం పక్కన మూత పెట్టిన పెద్ద రేకుడబ్బా ఉంది. దాని మీద మడతపెట్టిన కొత్త రవికె గుడ్డలు బొత్తిగా ఉన్నాయి. చూశాను. ఇవెవరిచ్చారమ్మా అని ఒక్కమాట అడిగితే చాలు. ఆ ఒక్కమాటే పద్నాలుగో ప్రశ్న. కానీ ఫారం మీద బాణం ఉంది, నాకు ఆకలిగా ఉంది, గంటా పది నిమిషాల కోపం గొంతు దాకా ఉంది. సున్నా వేశాను. పదిహేడుకు వెళ్ళిపోయాను. చివర్న వృత్తి ఒకటి, అభిరుచి రెండు అని ఉంటుంది. ఆదాయం సున్నా గనక రెండు వేశాను.

వెదురు గీరుకుని వేళ్ళన్నీ గాట్లుపడ్డ మనిషికి అభిరుచి అని రాశానండీ. ఆ రాత నాదే.

అంతా అయ్యాక సల్ల తాగుతావా సారు అని అడిగింది. మజ్జిగ వద్దని లేచిపోయాను.

ఆర్నెల్లకు అధ్యయనం పుస్తకంగా వచ్చింది. శామీర్‌పేటలో ఒక హాల్లో విడుదల సభ. తెర మీద రంగుల పటాలు. ఫ్లెక్సీ డిజైన్లు, పెళ్ళి వీడియోలు, మండపం అలంకరణ ఏటేటా ఎలా పెరుగుతున్నాయో చూపించారు. ఒక మూల చిన్న వరుసలో సంప్రదాయ కళలు, జీవనోపాధి విలువ నామమాత్రం అని ఉంది. తప్పుల్లేని సర్వే అని ఫణిభూషణ్ నన్ను వేదిక మీదకు పిలిచి శాలువా కప్పాడు. అందరితో పాటు నేనూ చప్పట్లు కొట్టాను. ఆ శాలువా ఇప్పుడు మా బీరువాలో అడుగున ఉంది. దాన్ని బయటకు తీయొద్దని మా ఆవిడకు చెప్పాను.

అక్కడితో నర్సమ్మను మర్చిపోయాను. గుర్తు చేసింది మా మనవరాలు.

మా అమ్మాయి హర్షిత కూతురు అనూహ్య. ఇరవై నెలలొచ్చినా పిల్ల అడుగు వేయలేదు. డాక్టర్లు కొందరికి ఆలస్యమవుతుంది, కంగారొద్దన్నారు. కంగారొద్దంటే ఆగేది కంగారెలా అవుతుంది? మా ఇంట్లో పనిచేసే సుశీలది ఇక్కడి ఊరే. పాప నడిస్తే పోచమ్మకు తొట్టెల కడతానని మొక్కుకో అమ్మా అంది. మా ఆవిడ నాకు చెప్పకుండా మొక్కేసుకుంది. ఈ ఏడాది ఉగాది వెళ్ళిన వారానికి పిల్ల సోఫా వదిలి, మా ఆవిడ చీర కుచ్చిళ్ళు అందుకోవడానికి అయిదడుగులు వేసింది. ఆషాఢం వస్తోందనగా పార్వతి అసలు సంగతి బయటపెట్టి, తొట్టెల ఎక్కడ దొరుకుతుందో కనుక్కోండి అంది.

నాకు తెలిసినావిడ ఉందని గొప్పగా చెప్పాను. పని దొరికిన కుర్రాడిలా బయల్దేరాను.

పాలకేంద్రం గది ఉంది. గోడ మీద క్యాను బొమ్మ లేదు. అద్దాల తలుపు, లోపల ఏసీ, పైన ప్లాట్ల బోర్డు. లోపల ఉన్నతను బాలేష్. ఊళ్ళో భూములున్న కుటుంబం, ఇదివరకు వార్డు మెంబరుగా కూడా చేశాడు. మంచినీళ్ళిప్పించి మర్యాదగా మాట్లాడాడు. చలికాలంలో గదిని వేలం వేశారనీ, తాను పాడుకున్నాననీ చెప్పాడు. నర్సమ్మను పంపేయడం తనకిష్టం లేక ఆఫీసుకెళ్ళి అడిగాడట.

"కళాకారుల లిస్టుల పేరుంటే గా రూము ముట్టకపోతుంటి సారు. చూపియ్యమన్న. లిస్టుల లేదు. వాళ్ళేం జేస్తరు, నేనేం జేస్త?"

నిజమే, వాళ్ళేం చేస్తారు? తిలా పాపం తలా పిడికెడు అంటారు గానీ, ఈ పాపంలో పంపకాల్లేవు. మంచినీళ్ళ గ్లాసు అక్కడే పెట్టి, ఆమె ఇల్లెక్కడో కనుక్కుని వెళ్ళాను.

రేకుల ఇల్లు. నేను నిలబడితే తల తగిలేంత పైకప్పు. నర్సమ్మ అప్పుడే శామీర్‌పేట నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. నన్ను గుర్తుపట్టింది. సర్వే సారువు గదా అని ముక్కాలిపీట వేసింది. ఆ సాయంత్రమే ఆమె బతుకు సంగతులు తెలిశాయి. ఇవేవీ నా ఫారంలో లేవు.

పుట్టింది డబీల్‌పూర్‌లో. పదిహేనో ఏట అత్వెల్లి కోడలయింది. అప్పట్లో తొట్టెలలు కట్టేది ఆమె మామ. కొడుకు యాదగిరికి ఆ పని పట్టలేదు, లారీ క్లీనరుగా పోయాడు. మామకు చూపు మందగించాక కోడలు ఆయనకు కళ్ళయింది. ఆయన నోటితో నేర్పలేదట. కట్టింది బాగోలేకపోతే మాట్లాడకుండా విప్పి పారేసేవాడు. ఏడాది పొడుగునా విప్పి, మరుసటేడు ఒకదాన్ని విప్పకుండా వదిలేశాడు. ఆనాటి నుంచీ ఆమె చేతిదే. ఏ ఇంటికి చేసినా ఆ ఇంటి పిల్ల కట్టి విడిచిన బట్ట పేలిక ఒకటి అడిగి తెచ్చుకుని, అడుగు అంతస్తులో కాగితం కింద అంటిస్తుంది. అందుకని ముందే చేసి పెట్టుకోవడం, బజార్లో అమ్మడం కుదరదు. రేటు చెప్పకూడదు. అది మామ పెట్టిన కట్టుబాటు. చేయించుకున్నవాళ్ళు చాటలో బియ్యం పోసి, రవికె గుడ్డ, ఆకువక్కా పెట్టి, తోచింది ఉంచి ఇస్తారు. ఆ చాట ఆమె కళ్ళకద్దుకుని తీసుకుంటుంది.

గది పోయాక నిలువెత్తు తొట్టెలలు కట్టడానికి చోటు లేకపోయింది. ఈ రేకుల కింద శిఖరం నిలబడదు. మొక్కులవాళ్ళు సిటీకి పోయి రెడీమేడ్ తెచ్చుకుంటున్నారు. కూతురు ఆమనిది శామీర్‌పేట. అల్లుడి తరపువాళ్ళు పెళ్ళి మండపాలు కడతారు. అక్కడ చట్రాలకు ప్లాస్టిక్ పూలు గుచ్చే పనికి పోతోంది, రోజు కూలి. మా పుస్తకం ప్రకారం చూస్తే ఆ పూలు గుచ్చే నర్సమ్మ ఇప్పుడు సృజనాత్మక పరిశ్రమలో కార్మికురాలు. పెరుగుతున్న రంగుల పటంలో ఆవిడ కూడా ఉంది. ఇది తలుచుకుంటే నాకు నా మీదే అసహ్యం వేసింది.

లిస్టు సంగతి బాలేష్ చెప్పాడట, గది మాట ఆమే ఎత్తింది.

"తప్పు నాదే సారు. పించినికి బయపడి ఆమ్దానీ లేదంటి. నువ్వు రాసుకుంటివి. నీ తప్పేముంది? నోటితోని జెప్పి గది పోగొట్టుకున్న."

అప్పుడే చెప్పాల్సింది. నోరు తెరిచాను కూడా. అయ్యో, అలా అనుకోకు నర్సమ్మా అని మాత్రం అన్నాను. అయ్యో అనడానికి నాకేం ఖర్చు? ఆమె ఆ బరువు తన నెత్తిన వేసుకోవడం నాకు కాస్త ఊరటగా అనిపించిందని ఇప్పుడు రాయడానికి సిగ్గేస్తోంది. మనవరాలి మొక్కు సంగతి చెప్పాను. ఆమె మొహం వెలిగింది. చిన్నదైతే ఈ రేకుల కిందే కడతాననీ, పాప విడిచిన గౌను ముక్క తెమ్మనీ చెప్పింది.

ఆ వారమంతా నాకు అన్నం సయించలేదు. మా ఆవిడ మూడు రోజులు ఊరుకుని నాలుగో రోజు నిలదీసింది. అంతా చెప్పాను. బాణం సంగతి, ఆకలి సంగతి, రేకుడబ్బా మీది రవికె గుడ్డల సంగతి. నన్ను తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. "మీరు లెక్కల్లో తప్పు చేయలేదు. మనిషి మీద కోపం తీర్చుకున్నారు" అంది. దానికన్నా తిట్టినా బాగుండేది.

ఆదివారం ఇద్దరం అత్వెల్లి వెళ్ళాం. తొట్టెల సిద్ధంగా ఉంది. మూడంతస్తులు, నడుమెత్తు కూడా లేదు. ఆకుపచ్చ, గులాబీ కాగితాలు, అంచుల్లో తళుకులు. అడుగున కాగితం కింద మా పాప పసుపు గౌను ముక్క ఉందని నాకు తెలుసు గనక కనిపించినట్టే అనిపించింది. వేలాడదీసి కడుతుంటే శిఖరం రేకుకు ఆనుతోందని కొద్దిగా వంచి కట్టింది. వంకర పోయిందని ఆమే నొచ్చుకుంది. మామ ఉంటే విప్పేస్తుండె అంది.

సుశీల చెప్పినట్టే మా ఆవిడ చాట తెచ్చింది. బియ్యం పోసి, రవికె గుడ్డ, ఆకులు, వక్కలు, పసుపు రాసిన నోటు పెట్టి నర్సమ్మ చేతికిచ్చింది. ఆమె కళ్ళకద్దుకుంది. లోపలికి పోయి, ఆ బియ్యం డబ్బాలో పోసింది. అదే రేకుడబ్బా. ఖాళీ డబ్బాలో బియ్యం పడిన చప్పుడు బయటికి వినిపించింది.

నేనిక ఆగలేకపోయాను. చెప్పేశాను. ఫారంలో పద్నాలుగో ప్రశ్న ఉందనీ, బియ్యం, బట్టలు ఎవరైనా ఇస్తారా అన్నదే అందులో అడగాల్సిందనీ, దానికి జవాబుంటే పేరు వృత్తి కింద పడేదనీ, గది ఉండేదనీ చెప్పాను. ఆ ప్రశ్న నేనే అడగలేదన్నాను. గది సంగతి నాకు ముందే తెలుసని కూడా అన్నాను.

నర్సమ్మ చాట పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. కోపమొస్తుందని చూశాను, రాలేదు. ఏడుస్తుందేమోనని చూశాను, ఏడవలేదు. మెల్లగా అడిగింది.

"గా ఒక్క మాట అడిగితే నేను డబ్బ మూత దీసి చూపిస్తుంటి గద సారు. బియ్యం దాసుడెందుకు? దాసెటిది పైసనే గద."

పార్వతి నా వైపు చూడలేదు.

"ఇగ ఇప్పుడు రాస్కో" అంది నర్సమ్మ.

ఏం రాసుకోవాలో అర్థం కాక చూశాను. ఆమె పీట లాక్కుని, గంటా పది నిమిషాలు నన్ను కూర్చోబెట్టిన నాటిలాగే, నా ఎదురుగా కూర్చుంది. జేబులో పెన్ను ఉంది, నా జేబులో ఎప్పుడూ ఉంటుంది. కాగితం లేదు. తొట్టెలకు కత్తిరించగా మిగిలిన గులాబీ కాగితం ముక్క ఆమే అందించింది. చెప్పడం మొదలుపెట్టింది. ఏ ఇంటివాళ్ళు ఏ పిల్ల కోసం చేయించారో, ఎవరు సోలెడు పోశారో, ఎవరు తవ్వెడు పోశారో, ఎవరి రవికె గుడ్డ ఏ రంగో, అన్నీ. కవలలు పుట్టారని మేడ్చల్ నుంచి ఒకాయన బస్తా తెచ్చి దింపిపోయాడట. ఒక ముసలామె ఇవ్వడానికి ఏమీ లేక రెండు కోడిగుడ్లు పెట్టిందట. ఆ బియ్యమే దీపావళి దాకా తినేదాన్నంది. ఒక్క పేరు దగ్గర కూడా తడుముకోలేదు. నేను రాస్తూనే ఉన్నాను. ముక్క నిండిపోతే ఇంకో ముక్క ఇచ్చింది. ముప్ఫై నాలుగేళ్ళలో అంత నిజమైన ఫారం నేను నింపలేదు.

అంతా అయ్యాక, గదిని మళ్ళీ ఇస్తరా సారు అని అడిగింది. అబద్ధం చెప్పలేకపోయాను. ఇవ్వరన్నాను. తెలుసు సారు, ఊకెనే అడిగిన అంది. ఇంటికొచ్చినవాళ్ళను మంచినీళ్ళు కావాలా అని అడిగేంత మామూలుగా, సల్ల తాగుతారా అని అడిగింది. ఈసారి ఇద్దరం తాగాం.

తొట్టెలను ఆ పై ఆదివారం పోచమ్మ గుడిలో కట్టాం. అనూహ్య కింద నిలబడి కాగితం కుచ్చుల్ని అందుకోబోయింది. పక్కన వేలాడుతున్న రెడీమేడ్ వాటిలో మాది ఒక్కటే కొద్దిగా వంకరగా ఉంది.

గులాబీ ముక్కలు తీసుకుని ఫణిభూషణ్ దగ్గరికి వెళ్ళాను. శ్రద్ధగా చదివాడు, రెండోసారి కూడా చదివాడు. చాలా విలువైన సమాచారమండీ అన్నాడు. అయితే అధ్యయనం ముగిసిపోయింది, గదుల ఫైలు మూసేశారు, మళ్ళీ ఎప్పుడైనా చేస్తే చూద్దాం అన్నాడు. నన్ను నొప్పించకూడదని బాణం మాట ఎత్తలేదు. ఆ కాగితాలు మడతపెట్టి నా చేతికే ఇచ్చేశాడు. అవి శాలువా పక్కన పెట్టాను.